గుఢియారీలో జిరోనా

పందిరి నడిమధ్యన స్తంభం నిలబడి ఉంది. నిన్న సాయంత్రం లేదు. ఇవాళ ఉంది.

ఫణిశ్రీ చేతిలోని రంగు డబ్బాను నేలకేసి కొడదామనుకుంది. అందులోని నారింజ రంగు ఇంకా నాలుగు ప్లైవుడ్ ఇళ్లకు సరిపెట్టాలని గుర్తొచ్చి, మెల్లగా కింద పెట్టింది. ఎంత కోపంలో ఉన్నా ఆమెకు ఈపాటి ఆలోచన ఉంటుంది. కాకపోతే దాన్ని ఎవరూ గమనించరు. జనానికి కనిపించేది కోపం ఒక్కటే.

"దీన్ని ఇక్కడ పాతింది ఎవరు?"

నిచ్చెన మీదున్న మహేంద్ర నోట్లో నాలుగు మేకులున్నాయి. వాటిని తీసి జేబులో వేసుకుని, "నేనే" అన్నాడు.

"ఎవర్ని అడిగి?"

"సాహూజీ చెప్పాడు. నలభై అడుగుల వెడల్పు. పైన టార్పాలిన్, దాని కింద గుడ్డ. వానొస్తే నీళ్లన్నీ మధ్యలోకి చేరతాయి. ఊతం లేకపోతే రిస్క్."

"సాహూజీకి టెంట్‌హౌస్ ఉంది. పెళ్లి పందిళ్లు వేస్తాడు. జిరోనా గురించి ఆయనకేం తెలుసు?"

మీరు మాత్రం వెళ్లి చూశారా అని మహేంద్ర తిరిగి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, డబ్బా విసరడానికి ఒక వంక దొరికేది. అతను ఊరికే కిందికి చూస్తూ ఉండిపోయాడు. అలా కిందికి చూడడమే ఆమెకు ఒళ్లు మండించే సంగతి. ఫిబ్రవరిలో కూడా అలాగే చూశాడు.

జిరోనా స్పెయిన్‌లో ఉంది, కాటలోనియా అనే ప్రాంతంలో. బార్సిలోనా నుంచి రైలెక్కితే కునుకు పట్టేలోపే వచ్చేసే ఓ మోస్తరు పట్నం. తమ పట్నంలోనే తేలీబాంధా పేటలో ఒక ఆఫీసులో కూర్చుని ట్రావెల్ వెబ్‌సైట్ల కోసం ఊళ్ల గురించి రాయడం ఫణిశ్రీ ఉద్యోగం. మూడేళ్ల కిందట ఆమె వంతుకు ఈ ఊరొచ్చింది. అప్పటి నుంచి దాని సందుగొందులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నది పేరు ఒన్యార్. నీళ్ల అంచునే గోడలు లేపి, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేసిన ఇళ్లు. ఒకప్పుడు యూదులు ఉండి, ఒక్క రాజాజ్ఞతో అందరూ వెళ్లిపోవాల్సి వచ్చిన ఇరుకు వీధులు. ఊరి చుట్టూ నడవడానికి వీలున్న కోటగోడ. మే నెల వస్తే ప్రతి మెట్టు మీదా పూలు. ఇంతా చేసి ఆమె స్వయంగా వెళ్లిన దూరపు ఊరు ఆమదాలవలస, అదీ పెద్దమ్మ కూతురి పెళ్లికి.

హిందీ మాట్లాడే ఆ పట్నంలో గుఢియారీ పేట తెలుగు సంఘం ప్రతి వినాయక చవితికీ తిరుమల గోపురం వేసేది. పద్దెనిమిదేళ్లుగా అదే గోపురం, అదే థర్మకోల్. ఈసారి ఏదైనా కొత్తది వేద్దామని కుర్రాళ్లు పట్టుబడితే, ఫణిశ్రీ లేచి గంటసేపు జిరోనా గురించి చెప్పింది. నది మీది ఎర్ర ఇనుప వంతెనను ఈఫిల్ కంపెనీ వాళ్లు పారిస్ టవరు కన్నా ముందే కట్టారనగానే, రైల్వేలో ముప్పై నాలుగేళ్లు వంతెనలకు రివెట్లు కొట్టించి రిటైరైన మేస్త్రీ మల్లేశ్వరరావు, అంటే ఆమె తండ్రి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పందిరి వేసే గ్రౌండు పక్కనున్న నాలాను, ఆ మురుగుకాలువను, నది చేద్దామంది ఫణిశ్రీ. ఆ ఊరి మహాత్ముడి సమాధి మీద ఫ్రెంచి సైన్యం చెయ్యి వేస్తే, అందులోంచి ఈగలు దండుగా లేచి సైన్యాన్ని తరిమికొట్టాయట. అది విని ఆమె నాయనమ్మ పైడమ్మ, "మన నాలా దోమలు సాలవేటి" అంది. అక్కడ ఒక రాతి సింహం వెనకభాగాన్ని ముద్దు పెట్టుకున్నవాళ్లు మళ్లీ ఆ ఊరు వస్తారని నమ్ముతారని చెప్పినప్పుడు మాత్రం సంఘం అధ్యక్షుడు సూర్యారావు కళ్లు మూసుకుని, ఇది వద్దు తల్లీ అన్నాడు.

చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆడపిల్ల చేతికి పందిరి అప్పగించడం సంఘం చరిత్రలో అదే మొదటిసారి. తేడా వస్తే వచ్చే ఏడు నుంచి మళ్లీ గోపురమే, ఆడపిల్లల మాట ఇంకెవరూ ఎత్తకూడదు అని సూర్యారావు ముందే చెప్పేశాడు. పందిరి కట్టే పనికి మహేంద్రను పెట్టాడు. ఉర్లాలోని ఒక షెడ్డులో పెద్ద కప్పులను మోసే ఇనుప ట్రస్సులు చేయించే ఇంజనీరతను. అతని కన్నా తగినవాడు సంఘంలో లేడు. ఫణిశ్రీకి కాదనడానికి కారణం ఉంది గానీ, నలుగురిలో చెప్పుకునే కారణం కాదు.

ఆ కారణం ఇది. ఫిబ్రవరిలో మహేంద్ర ఆమెను పెళ్లిచూపులు చూడడానికి వచ్చాడు. వెంట తల్లి వరహాలమ్మ, పెదనాన్న అమ్మిరాజు. అమ్మిరాజు జంతికలు నములుతూ, పెళ్లయ్యాక ఈ స్పెయిన్ గోల ఎందుకమ్మా, ఇంట్లో కూర్చుని వంటల గురించి రాసుకోవచ్చు కదా అన్నాడు. ఫణిశ్రీ వినయంగానే అడిగింది. "మీరు రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు కదండీ, మీరెన్ని వంటలు రాశారు?"

అమ్మిరాజు చేతిలోని జంతిక ప్లేటులో పెట్టేశాడు. మహేంద్ర తల వంచుకుని ప్లేటులోకి చూస్తూ ఉండిపోయాడు. నాలుగో రోజున మధ్యవర్తి ఫోన్ చేశాడు. అబ్బాయికి అంతా బాగానే ఉందట గానీ, అమ్మాయికి కోపం ఎక్కువ అంటున్నాడట.

ఆ ఒక్క మాట టాటీబంధ్ నుంచి మందిర్ హసౌద్ దాకా, పట్నం ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్న తెలుగు ఇళ్లన్నీ తిరిగొచ్చింది. తర్వాత రావలసిన రెండు సంబంధాలు గుమ్మం దాకా రాకుండానే వెనక్కి పోయాయి. వాటి గురించి ఫణిశ్రీ చింతించలేదు. అసలు మంట వేరే. ఆ రోజు మహేంద్ర గుమ్మంలో తన చెప్పులు విడిచి, అడ్డదిడ్డంగా పడున్న నాయనమ్మ చెప్పులు కూడా సర్ది పెట్టాడు. తలుపు సందులోంచి అది చూసి, ఇతను నాకు నచ్చాడు అనుకుంది. నచ్చినవాడు అన్న మాట కాబట్టే అంత మండింది.

ఆదివారం సంఘం హాల్లో స్తంభం పంచాయితీ జరిగింది. ఫణిశ్రీ గొంతు పెంచకుండానే మొదలుపెట్టింది.

"ఆరువందల ఏళ్ల కిందట అక్కడా ఇదే గొడవ. మన పందిరి వాళ్ల పెద్ద చర్చికి నమూనా కదా, ఆ గుడి ముందుభాగం స్తంభాలతో కట్టారు. మిగతాది స్తంభాలే లేకుండా ఒకే హాలుగా కడదామని ఒక మేస్త్రీ అన్నాడు. కూలిపోతుందన్నారు. అప్పుడు పన్నెండు మంది పెద్ద మేస్త్రీలను పిలిపించి, ఒట్టు వేయించి, ఒక్కొక్కరినే అడిగారు. ఎక్కువమంది వద్దనే చెప్పారు. అయినా గుడి పెద్దలు ఆ మేస్త్రీని నమ్మారు. డెబ్బై అయిదు అడుగుల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఇవాళ్టికీ నిలబడే ఉంది. జిరోనా అంటే అదే. మధ్యలో స్తంభం పెడితే అది జిరోనా కాదు, కల్యాణ మండపం."

సూర్యారావు చేతులెత్తమన్నాడు. స్తంభం ఉండాలని తొమ్మిది చేతులు లేచాయి. అందులో ఒకటి మల్లేశ్వరరావుది. మహేంద్రను అడిగితే, "రిస్క్ అయితే ఉంది" అన్నాడు, బల్లకేసి చూస్తూ.

ఇంటికి వెళ్తుంటే సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఫణిశ్రీ గొడుగు ఉండి కూడా విప్పలేదు. తండ్రి వెనకే నడుస్తూ, వంతెన కింద మనుషులుంటారమ్మా, పందిరి కిందా ఉంటారు, నీ పంతానికి వాళ్లను పణంగా పెట్టలేను అన్నాడు.

"పంతం కాదు నాన్నా. తెలిసి అడిగాను."

"తెలిస్తే లెక్క సూపించు. కోపం సూపిస్తే కప్పు నిలబడదు."

ఊరంతా అన్నా ఓర్చుకుంది గానీ, ఆ మాట తండ్రి నోట వినేసరికి ఆమెకు కళ్లు చెమర్చాయి. వాన పడుతోంది కాబట్టి సరిపోయింది.

మర్నాడు సాయంత్రం మహేంద్ర ఇంటికొచ్చాడు. తడిసి ముద్దయి ఉన్నాడు, చేతిలో కొలత టేపు. గుమ్మంలో మళ్లీ నాయనమ్మ చెప్పులు సర్దాడు. అది చూసి ఫణిశ్రీకి ఇంకా కాలింది.

పైడమ్మ అతన్ని ఎగాదిగా చూసి, మనవరాలి వైపు తిరిగింది. "ఒలే గుంటా, సంబంధం వద్దన్నోడు కదేటి ఈడు? టీ పెట్టీనా, తరిమీనా?"

"టీ పెట్టు నాయనమ్మా. తర్వాత తరుముదాం."

మహేంద్ర కుర్చీ అంచున కూర్చున్నాడు. "నిన్న మీరు ఆ గుడి కప్పు నిలబడిందని చెప్పారు. ఎలా నిలబడిందో చెప్పలేదు."

"నిన్న మీరు అడగలేదు."

"అడగలేదు. గల్తీ నాదే. ఇప్పుడు చెప్పండి."

ఫణిశ్రీ పాత క్యాలెండరు కాగితం చింపి, పెన్సిలు విరిగేంత గట్టిగా గీసింది. గోడలకు లోపలివైపు అడ్డగోడలుంటాయి. అడ్డగోడకూ అడ్డగోడకూ మధ్య చిన్న గది, ఒక్కో గదిలో ఒక్కో మహాత్ముడి బొమ్మ. పైకప్పు కమాను రెండు పక్కలకూ తోస్తుంటే, ఆ తోపును ఈ అడ్డగోడలు కాచుకుంటాయి. చూసేవాళ్లకు గదులు కనిపిస్తాయి, బరువు ఎవరు మోస్తున్నారో కనిపించదు.

మహేంద్ర ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "మన పందిట్లో పక్కన ఏమేం ఉన్నాయి?"

"పులిహోర కౌంటరు. చెప్పుల స్టాండు. మైకు గది. పిల్లల బొమ్మల గది."

"వీటినే పైపులతో గట్టి పెట్టెల్లాగా కడితే?" అని తనలో తనే అనుకుంటూ, కాగితం మూలన ఆమె గీసిన బొమ్మ దగ్గర ఆగాడు. "ఈ ఆడమనిషి ఎవరు?"

గుడి చూరు కింద ఉండే మంత్రగత్తె అని చెప్పింది ఫణిశ్రీ. ఊరేగింపులు వెళ్తుంటే రాళ్లు విసిరేదట. శాపం తగిలి రాయైపోయింది. వానొస్తే కప్పు మీది నీళ్లు ఆమె నోట్లోంచి కారతాయి. తిట్లు తిట్టిన నోట్లోంచి మంచినీళ్లు రావాలని శిక్ష.

"రాళ్లెందుకు విసిరింది?"

ఫణిశ్రీ పెన్సిలు ఆగింది. మూడేళ్లుగా ఎందరికో చెప్పిన కథ. ఇంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. తనకూ తట్టలేదు.

"ఎవరూ రాయలేదు."

"ఏదో జరిగే ఉంటుంది. ఊరికే ఎవరు విసురుతారు?"

"అవును. ఎవడో పెళ్లిచూపులకు వచ్చి ఏదో అనుంటాడు."

టీ గ్లాసు అతని నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. గ్లాసులోకి చూశాడు. ఫణిశ్రీ లేచి నిలబడింది. ఇంక వెళ్లిరండి అంది.

తర్వాత వారం రోజులూ మహేంద్ర డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకే వచ్చాడు. షెడ్డు యజమానిని అడిగి పాత పైపులు తెచ్చాడు. పక్క గదులకు ఇనుప చట్రాలు లేచాయి, వాటి మీద నుంచి పెద్ద కమానులు ఆ పక్క నుంచి ఈ పక్కకు వంగాయి. ఇవెందుకని సూర్యారావు అడిగితే, అందానికి అన్నాడు. మంత్రగత్తెను రేకుతో చేసి చూరుకు బిగించాడు. ఆ ముక్కు నీ ముక్కులాగే ఉందని పిల్లలు ఫణిశ్రీతో అన్నారు. ఆమె వెళ్లి చూసింది. ఉంది. నిలదీస్తే, తాను నాయనమ్మ ముక్కు చూసి చేశానని, పోలిక వస్తే తన తప్పు కాదని అతను రేకు మీద నుంచి తల తిప్పకుండా జవాబిచ్చాడు.

నాలా ఒడ్డున ప్లైవుడ్ ఇళ్లకు రంగు వేస్తూ ఆమె కమానుల వైపు చూసేది. ఇతను వింటున్నాడు అనిపించేది. కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. దాన్ని లెమ్మనడానికి ఆమెకు మనసు రాలేదు.

చవితి ముందురోజు ఆమె పందిట్లోకి వెళ్లేసరికి స్తంభం అక్కడే ఉంది. తెల్లగుడ్డ చుట్టి, బంగారు జరీ కట్టి, బంతిపూలు వేశారు. అడుగున థర్మకోల్ దిమ్మె కూడా అమర్చారు.

మహేంద్ర ఒక్కడే ఉన్నాడు. ఫణిశ్రీ నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

"మా ఇంటికొచ్చి బొమ్మ గీయించుకున్నారు. మా నాయనమ్మ చేతి టీ తాగారు. చివరికి ఇదా?"

"ఏక్ మినిట్" అని మహేంద్ర దిమ్మెను పక్కకు జరిపాడు. మోకాళ్ల మీద కూర్చుని, జేబురుమాలు తీసి, స్తంభం కింద ఈ పక్క నుంచి దూర్చి ఆ పక్క నుంచి లాగాడు.

"లేపాక్షిలో స్తంభం కింద గుడ్డ తీస్తారు చూడండి, అలాగ. మొదట పాతింది తీసేశాను. ఇది నేలకు ఆనలేదు, పైన కమానుకి వేలాడుతోంది. ఉత్త బోలు పైపు. కప్పు బరువంతా మీరు చెప్పిన అడ్డగోడల మీదే ఉంది. ఇరవై ఇసుక బస్తాలు కట్టి రెండు రోజులు ఉంచాను. వేలెడు కూడా కుంగలేదు."

ఇంకో అమ్మాయి అయితే ఇక్కడ కరిగిపోయేదేమో. ఫణిశ్రీ కోపం రెండింతలైంది.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు మీకు."

"ముందే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్తంభం తీసెయ్యమంటారు. తీస్తే సూర్యారావు గారు పందిరే ఆపేస్తారు. ఇది ఉంటే ఆయనా ఖుష్, మీరూ..."

"నేనూ? నేను చెప్పింది నిజమని మీకొక్కరికే తెలిస్తే నాకేం ఒరుగుతుంది? రేపు ఊరంతా వచ్చి ఈ బోలు పైపుకి దణ్ణం పెడతారు. నన్ను మొండిదంటారు. మీకు లోపల ఒక మాట, బయట ఒక మాట. ఫిబ్రవరిలోనూ ఇంతే. ఆ రోజు ప్లేటులోకి చూశారు, ఇవాళ రుమాలు చూపిస్తున్నారు."

"నిమజ్జనం అయ్యాక అందరికీ..."

"అందరి ముందూ చెప్పండి. పందిరి నిలబడి ఉండగా చెప్పండి. అప్పటిదాకా నాతో మాట్లాడకండి."

మహేంద్ర రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె వెళ్లిపోయింది.

చవితి రోజున జిరోనా నిండిపోయింది. నాలా మీది ఎర్ర వంతెన మీద జనం నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మల్లేశ్వరరావు వంతెన మొదట్లో కుర్చీ వేసుకుని, ఒకేసారి ఎంతమంది ఎక్కాలో తనే లెక్కపెట్టి పంపాడు. గుడి మెట్ల మీద పూల కుండీలు, లోపల వినాయకుడు, మధ్యలో స్తంభం. వచ్చిన ప్రతివాళ్లూ స్తంభాన్ని తాకి కళ్లకద్దుకున్నారు. ఫణిశ్రీ మూడు రోజులు పులిహోర కౌంటరులో నిలబడి, మహేంద్ర వస్తే గరిటె పక్కవాళ్లకిచ్చి పక్కకు తిరిగింది.

మూడో రోజు సాయంత్రం హారతి వేళకు ఆకాశం విరుచుకుపడింది. ఉరుము లేదు, ముందుగా చినుకూ లేదు, ఒక్కసారిగా కుండపోత. బయట ఉన్న జనమంతా లోపలికి తోసుకొచ్చారు. మూడువందల మందికి తక్కువ ఉండరు. పైన టార్పాలిన్ మీద వాన చప్పుడికి మంత్రం వినబడడం మానేసింది. అందరూ కప్పు వైపు చూశారు. సాహూజీ అయితే దేవుడికి దణ్ణం పెట్టడం మానేసి కప్పుకే పెట్టాడు. పావుగంట గడిచింది. కప్పు కదలలేదు. చూరు చివర మంత్రగత్తె నోట్లోంచి నీళ్లు ధారగా నాలాలోకి పడుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు.

సూర్యారావు మైకు అందుకున్నాడు. పెద్దల మాట విని ఈ స్తంభం వేయించాం కాబట్టి ఇవాళ ఇంతమంది పొడిగా నిలబడ్డామని చెప్పాడు. చిన్నపిల్లలకు ఆవేశం ఉంటుంది, కొందరికి కోపం కాస్త ఎక్కువే ఉంటుంది, అందుకే పెద్దలనే వాళ్లుంటారు అన్నాడు. జనం నవ్వారు. కొందరు పులిహోర కౌంటరు వైపు తిరిగి మరీ నవ్వారు.

ఫణిశ్రీ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. చెవులు వేడెక్కాయి. మహేంద్ర వైపు చూడలేదు. ఎటు చూస్తుంటాడో తెలుసు. నేలకేసి.

మైకు కీచుమంది. "నా పేరు మహేంద్ర" అని వినబడింది. "ఈ పందిరి కట్టింది నేను. ఈ స్తంభం దేన్నీ మొయ్యట్లేదు."

సూర్యారావు నవ్వబోయి ఆగాడు. మహేంద్ర థర్మకోల్ దిమ్మెను ఎత్తి పక్కన పెట్టాడు. జనంలోంచి మల్లేశ్వరరావు ముందుకొచ్చాడు. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, భుజం మీది కండువా తీసి స్తంభం కింద దూర్చాడు. కండువా అవతలికి వచ్చింది. ఆయన లేచి, కమాను వెంట చూపు నడిపించుకుంటూ వెళ్లి, కూతురు నిలబడ్డ కౌంటరు చట్రాన్ని వేళ్లతో కొట్టి చూశాడు.

"మోస్తున్నది ఇది" అన్నాడు. "ఆలోచన ఎవరిది?"

"ఫణిశ్రీది. లెక్క మాత్రం నాది. ఆమె చెప్పినట్టే కట్టాను, నిలబడింది."

మమ్మల్నందర్నీ మోసం చేశావా అని సూర్యారావు అరిచాడు. మహేంద్ర ఈసారి ఆయన కళ్లలోకే చూశాడు.

"చేశానండి. ముందే చెప్పాల్సింది, దమ్ము లేకపోయింది. ఇంకోటి కూడా ఉంది. ఈ అమ్మాయికి కోపం ఎక్కువని ఫిబ్రవరిలో చెప్పింది నేనే. ఆ రోజు మా పెదనాన్నకు ఆమె ఇచ్చిన జవాబు కరెక్టు. నాకు నవ్వొచ్చి ప్లేటులోకి చూశాను. ఇంటికెళ్లాక ఆయన కోపంగా అడిగితే, నచ్చిందని చెప్పడానికి భయపడి ఆ మాట అనేశాను. ఆమె కోపానికి కారణం అడిగినవాళ్లు ఎవరూ లేరు. కారణం మేమే."

మూడువందల మందీ వాన సంగతి మర్చిపోయారు. ఆడవాళ్ల వరుసలో వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఫణిశ్రీ గరిటెతోనే జనాన్ని చీల్చుకుంటూ వచ్చి, మైకు లాక్కుని స్విచ్చి ఆపింది.

"ఇదంతా మైకులో చెప్పాలా?"

"అందరి ముందూ చెప్పమన్నారుగా."

"స్తంభం గురించి చెప్పమన్నాను."

"ఇదీ కలిపితే ఒకేసారి అయిపోతుందని."

"ఇంకేమైనా దాచారా?"

"ఒకటుంది." అతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరు నాకు నచ్చారు. ఇప్పుడు ఇంకా నచ్చారు. గరిటె చూస్తే భయంగానే ఉంది, అయినా."

ఫణిశ్రీకి నవ్వు రాబోయింది. పళ్లు బిగించి ఆపుకుంది. "మీ మాట వల్ల ఆర్నెల్లు ఊరందరి నోళ్లలో నానాను. ఒక్క సారీతో పోదది. నాకు కోపం తగ్గలేదు."

"తగ్గాలని నేనన్నానా?"

ఆ మాటకు కూడా ఆమెకు కోపమే వచ్చింది.

మల్లేశ్వరరావు అప్పటికే సాహూజీ దగ్గర స్పానరు అడిగి తీసుకుని నిచ్చెన వేయిస్తున్నాడు. నిచ్చెన కాలు పట్టుకుని, వరహాలమ్మ వైపు తిరిగాడు. "లెక్క అడిగాను, సూపించింది. నాదే తప్పు. ఏటమ్మా, మా గుంటకి కోపం ఎక్కువే. మీవోడు మొయ్యగలడా?"

"ఆడు మొయ్యకపోతే నేను మోస్తాను అన్నయ్యా" అంది వరహాలమ్మ. "మా బావగారికి నలభై ఏళ్లుగా ఎవరూ చెప్పని జవాబు ఆ పిల్ల చెప్పింది. నాకు ఆ రోజే నచ్చింది. ఈడు నన్నడిగితే కదా."

సూర్యారావు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఫణిశ్రీ దగ్గరికొచ్చి, మొహం గంటు పెట్టుకునే, వచ్చే ఏడు ఏ ఊరో ఇప్పుడే ఆలోచించు, ఆఖరి నిమిషంలో చెబితే కుదరదు అన్నాడు.

పైన మల్లేశ్వరరావు బోల్టు విప్పాడు. స్తంభం కింది కొస ఫణిశ్రీ పట్టుకుంది, నడుము దగ్గర మహేంద్ర పట్టుకున్నాడు. బంతిపూల రేకులు ఇద్దరి మీదా రాలాయి. బయట మంత్రగత్తె ఇంకా నీళ్లు కక్కుతూనే ఉంది.

"నీ వైపు ఎత్తు" అంది ఫణిశ్రీ.

మహేంద్ర ఆగిపోయాడు. "ఇందాకటి దాకా మీరు, గారు కదా?"

"కోపంలో ఉన్నాను. మాట్లాడకుండా ఎత్తు."

ఎత్తాడు. పందిరి నడుమ ఖాళీ అయింది. జనం ఆ ఖాళీలోకి వచ్చి, తలలెత్తి, ఏ ఆధారమూ కనిపించని ఆ కప్పును చూస్తూ నిలబడ్డారు.